మేకల యూనిట్ కంటే ముందు అవిశ గింజ



ఈసారి మేం రాసేది స్కాలర్‌షిప్పుల గురించీ కాదు, కులధ్రువీకరణ పత్రాల గురించీ కాదు. మేకల మేత గురించి. నవ్వకండి. పాలకాయతిప్ప, హంసలదీవి నుంచి నాగాయలంక దాకా మన కాలనీల్లో చాలా ఇళ్ళ ముందు రెండో మూడో మేకలు కట్టేసి ఉంటాయి. ఆసుపత్రికి పోవాల్సి వచ్చినా, పిల్లోడిని కాలేజీలో చేర్చాల్సి వచ్చినా ముందు అమ్మేది వాటినే. మనకు బ్యాంకు అంటే అదే. ఆ బ్యాంకు ఏం తిని బతుకుతోందో ఒకసారి మాట్లాడుకుందాం.

మా మాట ముందే చెప్పేస్తాం. మేకల యూనిట్ కోసం దరఖాస్తు పెట్టే ముందు కాలనీ చుట్టూ అవిశ వేయాలి. అది కూడా మొక్కలు తెచ్చి కాదు, గింజ నుంచి మనమే పెంచాలి. ఆ చెట్ల ఆకు ఎవరు కోసుకోవాలో పంచాయతీ పుస్తకంలో రాయించాలి. ఈ రెండూ అయ్యాకే లోను మాట. దీనికి కొందరు అన్నలు ఒప్పుకోరని తెలుసు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాం.

దివిసీమలో మేకకు ఏడాది ఎలా గడుస్తుందో చూడండి. కాలువలకు నీళ్ళు వదిలింది మొదలు కోతలయ్యేదాకా ఎటు చూసినా వరే. మేక గట్టు దిగితే గొడవ. పోనీ కోతలయ్యాక వదులుదామంటే, కోయకముందే చేలో మినుములు చల్లేసి ఉంటారు. అవి పీకేదాకా మళ్ళీ కాపలా. ఒకప్పుడు రైతులు మాగాణిలో పశువుల మేత కోసం జనుము, పిల్లిపెసర కూడా చల్లేవాళ్ళు, అందులో కొంచెం మన మేకల నోటికీ అందేదని పెద్దోళ్ళు చెబుతారు. ఇప్పుడు ఇళ్ళల్లో పశువులు తగ్గాయి, జనుమూ తగ్గింది. మార్చి దాటాక నేల ఖాళీయే గానీ దాని మీద పచ్చగా ఏముంటుంది? మా వైపయితే ఉప్పు తేలి తెల్లగా మెరుస్తుంటుంది. చేలు పచ్చగా ఉన్నన్నాళ్ళూ మేకను పోనివ్వరు, పోనిచ్చే రోజులకు పచ్చ ఉండదు. ఇదీ కథ.

ఇక మిగిలేది రొయ్యల చెరువుల గట్లు, మడ అడవి. చెరువు గట్ల మీద రాత్రీపగలూ కాపలా ఉండేది మనోళ్ళే, కానీ అక్కడ మేక తిరగడానికి లేదు. మడ అడవి చాలావరకు కృష్ణా అభయారణ్యంలో ఉంది. మడ ఆకు మేక ఇష్టంగానే తింటుంది. అయితే అక్కడికి తోలితే ఫారెస్టు వాళ్ళతో వచ్చే గొడవ ఒకటి, అంతకంటే పెద్దది ఇంకొకటి ఉంది. 1977 నవంబరు 19 ఉప్పెన గురించి మన ఇళ్ళల్లో చెప్పని ముసలాళ్ళు లేరు. పాలకాయతిప్ప, సొర్లగొంది లాంటి ఊళ్ళు ఆ రాత్రి ఏమయ్యాయో కొత్తగా చెప్పక్కర్లేదు. మడ నిలబడిన చోట నీటి దూకుడు తగ్గుతుంది. స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్ళు, అటవీశాఖ వాళ్ళు కలిసి చిన్న చిన్న కాలువలు తవ్వి పోటునీళ్ళు పారించి మడను మళ్ళీ లేపింది కూడా అందుకే. ఆ లేత మొలకలను మేక కొరికేసిందంటే, మన ఇంటికి సముద్రానికి మధ్య ఉన్న గోడను మన మేకే తినేసినట్టు లెక్క.

ఇంకో సంగతి ఉంది. మాకు ఈ విషయం మీద ఇంత పట్టుదల రావడానికి అసలు కారణం అదే. కొడవలి, గంప పట్టుకొని గట్టు మీద నడిచే మన అమ్మల్ని, అక్కల్ని ఆపి "ఏం ఎత్తుకెళ్తున్నావే" అని అడుగుతారు. గంప దించి, పైగడ్డి తీసి, కిందదీ గడ్డేనని చూపించాలి. ఎరుకలను, యానాదుల్లో కొందరిని నేరస్త జాతుల పట్టికలో పెట్టిన చట్టం 1952లో రద్దయింది. ఆ చూపు రద్దు కాలేదు. ఇంటి వెనక తన చెట్టు నుంచి తను ఆకు దూసుకునే ఆడమనిషిని ఎవరూ ఆపి అడగలేరు. ప్రొటీన్ లెక్కలు, నత్రజని లెక్కలు తర్వాత వస్తాయి. ముందు ఇది.

సరే, ఏ చెట్టు?

సర్కారు తుమ్మ ఉందిగా, ఎక్కడపడితే అక్కడ అదే కదా అంటారు. ఉంది. దాని కాయ తీపి, మేకలు తింటాయి. ఆకు మాత్రం ముట్టవు. తిన్న కాయలోని గింజ పెంటికలతో బయటపడి ఇంకో నాలుగు చోట్ల మొలుస్తుంది, అలా అది ఊళ్ళకు ఊళ్ళు కమ్మేసింది. అసలు అది మన చెట్టే కాదు. 1876లో మద్రాసు అటవీ అధికారి బెడ్డోమ్ ఈ జాతి విత్తనాలు తెప్పించమని ప్రభుత్వానికి రాశాడు, ఆ తర్వాత కడప జిల్లా కమలాపురంలో నాటారు. వంట చెరకు కోసం తెచ్చిన చెట్టు నూటయాభై ఏళ్ళలో మన పోరంబోకులన్నీ తినేసింది. బయటివాళ్ళు ఇచ్చారు కదా అని ఏ గింజపడితే ఆ గింజ నాటితే ఏమవుతుందో చూడ్డానికి దాన్ని మించిన పాఠం లేదు. కానీ దాని కంప మాత్రం మనకు కావాలి, ఎందుకో కింద చెబుతాం.

సుబాబుల్ గురించి చాలామంది అడుగుతారు. నందిగామ, జగ్గయ్యపేట మెట్టల్లో కాగితం మిల్లుల కోసం ఎకరాలకు ఎకరాలు వేశారు కాబట్టి అది అందరికీ తెలిసిన పేరు. ఆకు మంచిదే, మేక వదలదు, ఎంత నరికినా చిగురిస్తుంది. ఇబ్బంది ఎక్కడంటే, దానికి నీరు నిలవని నేల కావాలి. మా వైపు రెండడుగులు తవ్వితే ఉప్పునీళ్ళు పడే చోట అది సుఖంగా ఉండదు. పైగా దాని ఆకులో మైమోసిన్ అనే విషపదార్థం ఉంది. పందులకు, గుర్రాలకు ఎక్కువగా పెడితే వెంట్రుకలు రాలిపోతాయి. కాబట్టి ఎరుకల అన్నలు పందులకు అది పెట్టొద్దు. మేకలకైనా మొత్తం మేతలో మూడో వంతు దాటకూడదు. దీని మీద ఒక సరదా కథ ఉంది. ఆస్ట్రేలియాలో పశువులు సుబాబుల్ తిని జబ్బుపడుతుంటే, హవాయి దీవుల్లో మేకలు మాత్రం ఇదే ఆకు తిని నిక్షేపంగా ఉండటం జోన్స్ అనే శాస్త్రవేత్త గమనించాడు. ఆ మేకల పొట్టలో ఈ విషాన్ని విరగ్గొట్టే సూక్ష్మజీవి ఒకటి ఉందని తేలింది. 1980లలో దాన్ని తీసుకెళ్ళి ఆస్ట్రేలియా పశువుల పొట్టలోకి ఎక్కించారు. మేక పొట్టకున్న తెలివి అంతది.

గ్లిరిసిడియా కూడా మంచి మేత చెట్టే, కానీ దానికీ నీరు నిలవకూడదు. గుడివాడ అవతల మెరక ఉన్న కాలనీల వాళ్ళు ప్రయత్నించవచ్చు. మొదట్లో మేక వాసన చూసి మొహం తిప్పుకుంటుంది, పూటంతా వాడబెట్టి పెడితే అలవాటుపడుతుంది. దాని సొంత దేశాల్లో, అంటే మధ్య అమెరికా వైపు, దాన్ని స్పానిష్‌లో 'మాతా రాతోన్' అంటారు, ఎలుకను చంపేది అని అర్థం. గింజనీ బెరడునీ అక్కడ ఎలుకల మందుగా వాడేవాళ్ళు. ఎలుకల బుట్టలు పెట్టే మన తాతలు వింటే ఏమనేవాళ్ళో!

సరుగుడు సంగతి ఒక్క ముక్కలో. ఉప్పెన తర్వాత తీరం వెంట పెంచింది అదే. గాలికి అడ్డు, నేలకు నత్రజని ఇస్తుంది, మేకకు మాత్రం ఏమీ ఇవ్వదు.

ఇక అవిశ. తెల్లటి పెద్ద పువ్వు, జానెడు దాటి వేలాడే సన్నటి కాయ. పొన్నూరు, బాపట్ల వైపు తమలపాకు తోటల్లో తీగ పాకడానికి నాటేది ఇదే. పూజలు చేసుకునే ఇళ్ళల్లో ద్వాదశి పారణకు వెతుక్కునే ఆకు కూడా ఇదే. వరికి ముందు పచ్చిరొట్టగా చల్లే జీలుగ ఉంది చూశారా, దానికి ఇది అన్న. జీలుగ నీళ్ళలో నిలబడి ఎలా పెరుగుతుందో, చౌడును ఎలా తట్టుకుంటుందో రైతులందరికీ తెలుసు. అన్నకూ ఆ గుణం కొంత ఉంది. నీరు నిలిచినా వెంటనే చచ్చిపోదు, కాస్త ఉప్పును ఓర్చుకుంటుంది. మొదటి ఏడాదే మనిషికి రెండింతల ఎత్తు లేస్తుంది. ఎండు వరిగడ్డిలో ప్రొటీన్ వందకు నాలుగైదు పాళ్ళు ఉంటే, అవిశాకును ఎండబెట్టి చూస్తే పాతిక పాళ్ళ దాకా ఉంటుంది. అందుకే గడ్డి తిని డొక్కలు ఎండిన మేకకు రోజూ గుప్పెడు అవిశాకు తగిలినా తేడా కనిపిస్తుంది.

దీనికి అంత బలం ఎక్కడిదంటే గాలి నుంచి. గాలిలో వందకు 78 పాళ్ళు నత్రజనే, కానీ ఏ చెట్టూ దాన్ని నేరుగా తీసుకోలేదు. అవిశ వేళ్ళ మీద చిన్న చిన్న బుడిపెలు కడతాయి. వాటిలో కాపురముండే రైజోబియం అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకు ఇస్తుంది, చెట్టు దానికి తిండి పెడుతుంది. ఆ సూక్ష్మజీవి నేలలో లేకపోతే చెట్టు ఉండీ లాభం లేదు. పసుపు రంగుకు తిరిగి కుంగిపోతుంది. ఏ అవిశ చెట్టు కిందో, జీలుగ వేసిన చేలోనో రెండు దోసిళ్ళ మట్టి తెచ్చి మన మట్టిలో కలిపితే చాలు. రెండు నెలల మొక్కను ఒకదాన్ని జాగ్రత్తగా పెకిలించి, బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ రంగో ఎరుపో ఉంటే పని జరుగుతోందని అర్థం. ఆ ఎరుపు మన నెత్తురులో ఉండే హిమోగ్లోబిన్‌కు చుట్టం లాంటి పదార్థం వల్ల వస్తుంది. తెల్లగానో పచ్చగానో ఉంటే ఇంకా మొదలవలేదు, లేదా ఆగిపోయింది. ఇంటర్ బైపీసీ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు పుస్తకంలో బొమ్మగా చూసినదే ఇది. కాలనీ పిల్లలకు చేతిలో పెట్టి చూపించండి.

అవిశలో లోపాలు లేవా? ఉన్నాయి, దాచిపెట్టి రాయడం మాకిష్టం లేదు. కర్ర మెత్తన, పొయ్యిలోకి పనికిరాదు. పెద్ద గాలికి విరిగిపోతుంది. సుబాబుల్‌లా మోడు కొడితే చిగురించదు, చాలావరకు చచ్చిపోతుంది. కోళ్ళకు దీని ఆకు, గింజ పెట్టకూడదు, విషం. ఎలా చూసినా నాలుగైదేళ్ళ చెట్టు అనుకోవాలి. కానీ ఈ లోపమే మేం "మొక్క కాదు, గింజ" అనడానికి కారణం కూడా. ఎప్పటికప్పుడు మళ్ళీ వేసుకోవాల్సిన చెట్టు ఇది. గింజ చేతిలో ఉన్నవాడికే అది నిలుస్తుంది.

మొక్కలు పంచే తంతు మీరూ చూస్తూనే ఉంటారు. వానాకాలంలో ఒకరోజు ట్రాక్టర్ వస్తుంది. ఏ మొక్క రావాలో మనల్ని అడగరు. టేకో, కానుగో, పూలమొక్కలో వస్తాయి. ఫొటో అవుతుంది. సంక్రాంతికి వెళ్ళి చూస్తే పుల్లలు మిగులుతాయి, మళ్ళీ ఏడాదిదాకా ఎదురుచూడాలి. గింజ అయితే ఎవరి తేదీ కోసమూ ఆగక్కర్లేదు. కిలో అవిశ గింజల్లో 20 వేల దాకా గింజలుంటాయి. ఒక్క తల్లిచెట్టు కాస్తే మన కాలనీకే కాదు, పక్క మండలానికీ సరిపోతుంది.

చేసే పద్ధతి కూడా రాస్తున్నాం, మనలో చాలామందికి పొలం లేదు కాబట్టి నారు పోసిన అలవాటు ఉండదు. కాయ ఎండి గోధుమరంగుకు తిరిగాక, పగలకముందే కోయాలి. నీడలో ఆరబెట్టి గింజ ఒలవాలి. చిల్లులున్నవి పురుగు తొలిచినవి, పారేయాలి. గ్లాసు నీళ్ళలో వేస్తే తేలేవి కూడా పనికిరావు. బూడిద కలిపి సీసాలో పోసి మూత పెట్టి ఉంచుకోండి. వేసే ముందు రాత్రంతా మామూలు నీళ్ళలో నానబెడితే చాలు. సుబాబుల్ గింజ అలా కాదు, దాని తోలు మొండిది. కాగిన నీళ్ళు దించి, కాస్త చల్లారాక అందులో రెండు మూడు నిమిషాలు ఉంచి తీసి, అప్పుడు చన్నీళ్ళలో నానబెట్టాలి. ఈ ఒక్క తేడా తెలియక సుబాబుల్ గింజ మొలవదని అనేవాళ్ళు ఉన్నారు. అవిశ గింజను మరిగే నీళ్ళలో వేస్తే మాత్రం ఉడికిపోతుంది.

రోహిణి కార్తెలో పాల కవర్లలో వేయండి. కింద రెండు చిల్లులు పెట్టి, కాలువ ఒండ్రు, ఇసుక, బాగా చివికిన మేకల ఎరువు, పైన చెప్పిన దోసెడు పాతమట్టి కలిపి నింపండి. గింజ చిటికెనవేలి గోరంత లోతులో ఉంటే చాలు. బోరు ఉప్పగా ఉన్న చోట ఆ నీళ్ళు పోయొద్దు, తాగే నీళ్ళే పోయాలి. కడిగిన బియ్యం నీళ్ళు పోసినా సరే. వారం పదిరోజుల్లో మొలుస్తాయి. పుష్యమి కార్తె నాటికి అడుగుకు పైన లేస్తాయి. అప్పటికి నాలుగు వానలు పడి నేలలోని ఉప్పు కాస్త కిందికి దిగి ఉంటుంది కాబట్టి నాటడానికి అదే అదను.

నాటే చోటు గురించి ఒక మాట. ఇలకూర తప్ప ఇంకేమీ మొలవని చోట అవిశ పెట్టకండి. అంత ఉప్పును అది మోయలేదు, మీ కష్టం వృథా. మిగతా చోట్ల కూడా మట్టి ఎగదోసి చిన్న గట్టు కట్టి పెట్టాలి. అయితే గట్టు నెత్తి మీద కాదు, భుజం మీద. నేల ఆరేటప్పుడు ఉప్పు పైకి ఎగబాకి గట్టు నెత్తినే చేరుతుంది.

ఆ తర్వాత అసలు శత్రువు మన మేకే. మొదటి ఎనిమిది, తొమ్మిది నెలలు మేక మూతి అందకుండా చూడాలి. సర్కారు కంప కావాలన్నది ఇందుకే. చుట్టూ అదే కొట్టి పాతండి, ఊరికే దొరుకుతుంది. దాని వెనక వరసలో సీమచింత గింజలు నేరుగా నేలలో గుచ్చండి. పండిన గింజ రెండు మూడు రోజుల్లోనే మొలిచేస్తుంది, నానబెట్టే పని కూడా లేదు. ఇదీ నత్రజని పట్టే చెట్టే. ముల్లుంటుంది, ఎంత నరికినా చిగురిస్తుంది, ఆకు మేకకు, కాయ పిల్లలకు. కంప చివికిపోయే నాటికి సీమచింతే కంచె అవుతుంది. అవిశ గాలికి పోయినా సీమచింత నిలుస్తుంది. మా ఉద్దేశంలో తీరం ఊళ్ళకు ఈ జోడీని మించినది లేదు.

కోత మొదలుపెట్టాక కూడా తల నరకొద్దు. పక్క కొమ్మలే కోయాలి, చెట్టు మీద ఎప్పుడూ మూడో వంతు ఆకు మిగలాలి. కోసిన రెమ్మల్ని కొన్ని గంటలు వాడబెట్టి, గడ్డితో కలిపి పెట్టండి. ఉత్త అవిశాకే కడుపునిండా పెట్టకండి. ఇండోనేషియాలో లాంబాక్ అనే దీవి ఉంది, అది కూడా మనలాగే వరి దేశం. అక్కడి చిన్న రైతులు వరి గట్ల మీద వరసగా అవిశ నాటి, ఇలాగే పక్క కొమ్మలు కోస్తూ ఎండాకాలంలో ఆవుల్ని బతికించుకుంటారు. ఎకరం విడిగా కేటాయించిన మేత తోట కాదు, గట్టు మాత్రమే. అందుకే ఆ ఉదాహరణ మాకు నచ్చింది. కాకపోతే ఆ గట్టు వాళ్ళది.

మనకు ఆ గట్టు ఎక్కడిది? లెక్క వేసి చూద్దాం. ఇరవై కిలోల మేక రోజుకు తినేది ఎండు లెక్కలో ముప్పావు కిలో అనుకుంటే, అందులో మూడో వంతు అవిశ పెట్టాలంటే పచ్చి ఆకు కిలో దాకా కావాలి. నాలుగు మేకలకు నాలుగు కిలోలు. గడ్డుకాలం నాలుగు నెలలు అనుకుంటే 480 కిలోలు. మన ఉప్పు నేలలో చెట్టుకు ఏడాదికి పది కిలోలే వస్తుందని తక్కువగా వేసుకుందాం. అప్పుడు ఇంటికి యాభై చెట్లు కావాలి. మీటరుకు ఒకటి నాటితే యాభై మీటర్ల గట్టు. మనలో చాలామందికి వచ్చింది సెంటున్నర స్థలం. దాని నాలుగు వైపులా కలిపి కొలిస్తే 31 మీటర్లు. అందులో దారి, ఇల్లు, పక్కింటి గోడ పోను పది, పన్నెండు చెట్లు పడితే గొప్ప. అంటే ఒక మేకకు సరిపోయే మేత కూడా కష్టం మీద వస్తుంది. నాలుగు మేకల లోను తీసుకునే ఇంటికి మిగతా మూడు మేకల మేత ఎక్కడినుంచి వస్తుంది? ఏ దరఖాస్తు ఫారంలోనూ ఈ గడి లేదు. మేత లేని యూనిట్ ఏమవుతుందో అందరికీ తెలుసు. ఏడాది తిరక్కుండా మేకలు అమ్ముడుపోతాయి, వాయిదాలు మిగులుతాయి. ఆ వాయిదాల కోసమే చెరువు మీదకో, బాతుల వెంటో అడ్వాన్సు తీసుకొని పోయే కుటుంబాలు ఉన్నాయి. మేత చెట్టుకూ వెట్టికీ ఏం సంబంధం అనుకునేవాళ్ళు ఈ దారిని ఒకసారి మనసులో నడిచి చూడండి.

అందుకని మిగతా నలభై చెట్ల చోటు ఊరి నుంచి అడగాలి. కాలనీ చుట్టూ ఉన్న మురుగు కాలువ గట్లు, శ్మశానం అంచు, బడి వెనక స్థలం, రోడ్డు వార. ఇవి సర్కారువో పంచాయతీవో. మనం కొండల్లో ఉండే ఆదివాసీలం కాదు, మైదాన ప్రాంతం వాళ్ళం. ఇది షెడ్యూల్డు ఏరియా కాదు కాబట్టి 1/70 చట్టం మన భూమికి రక్ష కాదు. అందుకే నోటిమాట మీద ఏదీ నాటొద్దంటున్నాం. చెట్టు చిన్నగా ఉన్నప్పుడు ఎవరూ మాట్లాడరు. ఆకు వచ్చాక ఊళ్ళో గేదెలున్నవాళ్ళందరికీ అది కనిపిస్తుంది. గ్రామసభలో తీర్మానం చేయించండి. ఏ గట్టు, ఎక్కడినుంచి ఎక్కడికి, ఎన్ని చెట్లు, ఏ ఇంటి ఆడమనిషి పేరున ఆకు హక్కు అనేవి అందులో ఉండాలి. మేం అడిగేది కర్ర కాదు, నేల కాదు, ఆకు మాత్రమే అని స్పష్టంగా రాయించండి. చెట్టు కొట్టడం అంటే 2002 వాల్టా చట్టం మాట వస్తుంది, ఆకు కోయడం వేరు. తీర్మానం నకలు మీద సంతకం, తేదీ తీసుకొని ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి.

ఆడమనిషి పేరున అని ఎందుకన్నామంటే, మేత మోసేది వాళ్ళే కాబట్టి. మగవాళ్ళు వేటకు పోయినా, చెరువు మీద ఉన్నా మేక దగ్గర మిగిలేది అమ్మే. ఇది కొంతమంది తమ్ముళ్ళకు రుచించకపోవచ్చు.

"చదువుకోమని పంపిస్తే మళ్ళీ మేకలు కాసుకోమంటారా?" అనే మాట వస్తుందని తెలుసు. న్యాయమైన ప్రశ్నే. కానీ మేక వెంట రోజంతా తిరగాల్సి వచ్చినందువల్లే మన ఆడపిల్లలు చాలామంది ఆరో తరగతితో ఆగిపోతున్నారు. మేక ఇంటి దగ్గర కట్టేసి ఉండి, ఆకు ఇంటి వెనక ఉంటే ఆ పిల్ల బడికి పోతుంది. మేం మేకలు కాయమనట్లేదు, కాయకుండా ఉండే దారి చూడమంటున్నాం. ఇంకొకరు, "ముందు యూనిట్ తీసుకుందాం, వచ్చింది వదులుకోవడం దేనికి, చెట్లు తర్వాత చూద్దాం" అంటారు. యూనిట్ ఏడాది ఆలస్యమైతే నష్టం తక్కువ. చెట్టు ఏడాది ఆలస్యమైతే మేక ఆగదు. అది చెట్టును మొలకలోనే తినేస్తుంది, అప్పుడిక తర్వాత అన్నది ఉండదు.

చెరువుల కాపలాలో ఉన్న కుటుంబాల వాళ్ళు చెరువు గట్టు మీద మాత్రం వేయకండి. చెరువులో ఆకు రాలుతుందని, కొమ్మల మీద పక్షులు వాలి రొయ్యను తింటాయని యజమాని పీకించేస్తాడు. మీ కష్టం, గింజ రెండూ పోతాయి. సొంత ఇల్లు ఉన్న కాలనీలో వేసి, అక్కడున్న అమ్మమ్మకో పిన్నికో అప్పజెప్పండి.

ఇప్పుడు చేయాల్సింది గింజ పోగేయడం. తమలపాకు తోటలకు కూలికి వెళ్ళేవాళ్ళు తోట యజమానిని అడిగి ఎండు కాయలు తెండి, అడక్కుండా వద్దు. మచిలీపట్నం, గుడివాడ హాస్టళ్ళలో ఉన్నవాళ్ళు దగ్గర్లో ఎక్కడ అవిశ చెట్టు ఉందో చూసి పెట్టండి, తెల్లపువ్వును బట్టి దూరం నుంచే తెలుస్తుంది. సీసా మీద ఊరి పేరు, కాయ కోసిన నెల రాయండి. ఏడాది దాటిన గింజను పంచొద్దు. కోడూరు, నాగాయలంక, అవనిగడ్డ మండలాల కాలనీల నుంచి ఎంతమందికి గింజ కావాలో, ఎన్ని ఇళ్ళకో, ఏ గట్టు అనుకుంటున్నారో రోహిణి కార్తె ప్రవేశించేలోపు చెప్పండి. ఇంటికి వంద గింజల లెక్కన కడుతున్నాం. యాభై చెట్లకు వంద ఎందుకంటే, సగం మేకలకు పోయినా మిగతావి నిలవాలని.